ముందు జవాబిచ్చే మనిషి, తరువాతే కెమెరా: సంఘ పరిచర్యలో సాంకేతికతను ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది. మీ క్రైస్తవ సంఘంలో దాదాపు 150 కుటుంబాలున్నాయి. ఆరాధనను ప్రత్యక్ష ప్రసారం చేయాలని, వెబ్‌సైటూ సొంత యాప్ పెట్టాలని యౌవనస్థులు కోరుతున్నారు. ఇవన్నీ వస్తే మనుషులు మందిరానికి రావడం మానేస్తారని, ఆరాధన ప్రదర్శనగా మారిపోతుందని పెద్దలు భయపడుతున్నారు. చేతిలో ఉన్న నిధి కొద్దిపాటిది. దేనితో మొదలుపెట్టాలి, దేన్ని వద్దనుకోవాలి అని అడిగారు.

సూటిగా చెబుతాను. ఎవరైనా రాసినా, అడిగినా జవాబు చెప్పే బాధ్యతను పేరుపెట్టి ఒకరికి అప్పగించగలిగితేనే ఆ సాధనాన్ని తెరవండి. ఆ మనిషి దొరికేవరకు దాన్ని పక్కన పెట్టండి. ఆ లెక్కన మీకు ఇప్పుడు కావలసినవి మూడే: ప్రకటనలు తప్పకుండా అందరికీ చేరే ఒక దారి, రాలేనివారికి వాక్యం స్పష్టంగా వినిపించే ధ్వని, కొత్తగా రావాలనుకునేవారికి చోటూ సమయమూ సరిగ్గా చెప్పే ఒక చిన్న పేజీ. సొంత యాప్ మీ సంఘానికి అక్కరలేదు. ఒకటికి మించి కెమెరాలు కూడా ఇప్పట్లో అక్కరలేదు.

నేను 19 ఏళ్లుగా సంఘాలలో ధ్వని, ప్రసారం, సమాచార పనులు చూస్తున్నాను. అందులో తొమ్మిదేళ్లు సంఘ పెద్దగా కూడా ఉన్నాను కాబట్టి, మీ యౌవనస్థుల ఆత్రుత, మీ పెద్దల సంకోచం రెండూ నాకు తెలిసినవే. జవాబిచ్చే మనిషి గురించి ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో మొదట వివరిస్తాను.

నేను సేవచేసిన ఒక సంఘంలో ఫేస్‌బుక్ పేజీ తెరిచాం. ప్రతి ఉదయం ఒక వాక్యం పెట్టడానికి ఇద్దరు యౌవనస్థులను నియమించాం గాని, పేజీకి వచ్చే సందేశాలను ఎవరు చదవాలో అనుకోలేదు. ఒకరోజు వేరే పనిమీద ఆ సందేశాల పెట్టె తెరిచి చూస్తే, 11 రోజుల కిందట రాత్రి 1:40కి ఎవరో రాసిన మాట కనిపించింది: "మీ ప్రార్థనలో నా పేరు చెప్పగలరా? చెప్పుకోవడానికి నాకు ఎవరూ లేరు." దాని కిందనే మా పేజీ దానంతట అది పంపిన వాక్యం ఉంది: "మీ సందేశానికి ధన్యవాదాలు. త్వరలో మిమ్మల్ని సంప్రదిస్తాం." ఆ 11 రోజులూ మేము క్రమం తప్పకుండా ఆదరణ వాక్యాలు పెడుతూనే ఉన్నాం. వెంటనే జవాబు రాశాం, మళ్లీ రాశాం, అవతలినుంచి ఏమీ రాలేదు. ఆ మనిషి ఎవరో, ఏమయ్యారో ఈనాటికీ నాకు తెలియదు. ఆ తరువాత నేను ఏ సంఘానికి సలహా చెప్పినా మొదట అడిగేది, "మీకు వచ్చే సందేశాలను ఎవరు చదువుతారు?" అనే.

మేము చేసిన మార్పు చిన్నదే. ఇద్దరికి వారం వారం వంతు వేశాం. ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి అన్ని పెట్టెలూ చూడాలి. 24 గంటలలోపు ఒక మనిషి స్వయంగా రాసిన జవాబు వెళ్లాలి. ప్రాణాపాయమో, హింసో సూచించే మాట ఏదైనా ఉంటే వాళ్లు ఒంటరిగా మోయకుండా ఆ క్షణంలోనే సంఘ కాపరికి (పాస్టరుకు) ఫోన్ చేయాలి. దానంతటది వెళ్లే వాక్యాన్ని కూడా మార్చాం: మీ మాటను మనిషి చదివేది ఏ వేళలోనో, అంతవరకు ఆగలేని అపాయంలో ఉంటే ఏ అత్యవసర నంబరుకు పిలవాలో అందులో రాశాం. "త్వరలో" అన్న మాట తీసేశాం.

ఇప్పుడు మీ పెద్దల భయం సంగతి. దాన్ని వెనుకబాటుతనమని కొట్టిపారేయవద్దని మీ యౌవనస్థులకు చెప్పండి. ఆ భయానికి లేఖనంలోనే ఆధారముంది. యోహాను తన రెండవ పత్రిక 12వ వచనంలో, రాయవలసినవి ఇంకా ఎన్నో ఉన్నా కాగితంతో, సిరాతో రాయడం ఇష్టం లేదని, ముఖాముఖిగా మాట్లాడితేనే సంతోషం పరిపూర్ణమవుతుందని అంటాడు. అయితే ఆ మాట కూడా కాగితం మీద సిరాతో రాసి పంపినదే. పౌలు కొలొస్సయులకు రాసిన పత్రిక 4వ అధ్యాయంలో ఆ పత్రికను లవొదికయ సంఘంలో కూడా చదివించమన్నాడు. అంటే ఒక సంఘానికి రాసినది మరో సంఘానికి చేరాలని కోరుకున్నాడు. అదే అధ్యాయంలో ఇంకో సంగతి ఉంది, నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది అదే. పత్రికను ఒక్కదాన్నే పంపలేదు. తన తోటి సేవకుడైన తుకికు వచ్చి నా సంగతులన్నీ మీకు తెలియజేస్తాడని, ఒనేసిము కూడా అతనితో వస్తున్నాడని రాశాడు. దూరంగా ఉన్నవారికి పత్రిక వెళ్లింది, దానితోపాటు అడిగితే చెప్పగలిగే మనుషులూ వెళ్లారు.

ప్రసారం కూడా నిన్నమొన్న వచ్చింది కాదు. 1921 జనవరి 2న అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరంలో కాల్వరీ ఎపిస్కోపల్ చర్చి ఆరాధనను కేడీకేఏ రేడియో ప్రసారం చేసింది. 1931లో రేడియో మార్గదర్శి మార్కోనీ స్వయంగా నిర్మించిన వాటికన్ రేడియో మొదలైంది. వాటికన్‌లోని సామాజిక సమాచార మండలి 2002లో ఇంటర్నెట్ గురించి వెలువరించిన పత్రంలో, బాప్తిస్మం, ప్రభువు బల్ల వంటి సంస్కారాలు ఇంటర్నెట్‌లో ఉండవని స్పష్టం చేస్తూనే, సాంకేతికత అంటే భయపడి వెనుకాడవద్దని సంఘ నాయకులకు చెప్పింది. మీ శాఖ విశ్వాసం వేరుగా ఉండవచ్చు. ప్రభువు బల్లను తెర ముందు తీసుకోవచ్చా లేదా అన్న విషయంలో సంఘాలు ఏకాభిప్రాయంతో లేవు. మీ పెద్దలు ఈ ఒక్క విషయాన్ని ప్రసారం మొదలుపెట్టకముందే కూర్చుని తేల్చుకోవడం మంచిది. మొదటి ఆదివారం ఇంట్లో కూర్చున్న ఒకరు "మేమేం చేయాలి?" అని అడిగినప్పుడు కాపరి అప్పటికప్పుడు ఆలోచించుకోవలసి రాకూడదు.

ప్రసారం ఎవరికోసం అన్నది మరో ప్రశ్న. "ప్రపంచమంతటికీ" అన్న జవాబే నేను ఎక్కువసార్లు విన్నాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మంచాన ఉన్నవారు, వారిని చూసుకుంటూ ఇల్లు కదలలేనివారు, ఆదివారం పని తప్పనివారు, పసిబిడ్డ తల్లులు, చదువులకో ఉద్యోగాలకో దూరంగా వెళ్లిన మీ పిల్లలు, వీరిని మనసులో పెట్టుకుని ప్రసారం చేయండి. వీరి పేర్లు మీకు తెలుసు. ప్రసారం అయ్యాక వీరికి ఫోన్ చేయవచ్చు, వెళ్లి చూడవచ్చు. పేర్లు తెలిసినవారికోసం ప్రసారం చేసే సంఘం దాన్ని ప్రదర్శనగా మార్చడం నేను చూడలేదు.

ఇక పరికరాలు. నిధి మొత్తాన్ని మొదట ధ్వని మీద పెట్టండి. ఒక సంఘం ఉన్నదంతా పోసి మూడు కెమెరాలు, వాటి మధ్య మార్చే స్విచర్ కొన్నది. బొమ్మ అద్దంలా వచ్చింది. ధ్వని మాత్రం హాలు చివర నిలబెట్టిన కెమెరాకున్న మైకులోంచే తీసుకున్నారు. ఫ్యాను రొద, గోడల ప్రతిధ్వని, వెనుక వరుసలో పసివాడి ఏడుపు అన్నీ దగ్గరగా వినిపించాయి, ప్రసంగం మాత్రం నూతిలోంచి వచ్చినట్టుగా ఉంది. ఏళ్ల తరబడి సండే స్కూలు నడిపి, ఇప్పుడు మంచం మీద ఉన్న ఒక పెద్దావిడకు సోమవారం ఫోన్ చేసి ఎలా ఉందమ్మా అని అడిగాను. "బొమ్మ లేకపోయినా ఫరవాలేదు బాబూ, అయ్యగారి మాట వినిపించండి చాలు" అన్నారు.

దాన్ని సరిచేయడానికి కొన్నవి ఒక కేబులు, ధ్వనిని కంప్యూటరుకు అందించే ఆడియో ఇంటర్‌ఫేసు అనే చిన్న పెట్టె మాత్రమే. మైకులన్నీ వచ్చి కలిసే మీ మిక్సరుకు సాధారణంగా ఆక్స్ అవుట్ అనే దారి ఉంటుంది. దానిలోంచి ప్రసంగీకుడి మైకు, పాటల మైకులు నేరుగా కంప్యూటరుకు పంపండి. హాలులో స్పీకర్లకు వెళ్లే ధ్వని మిశ్రమాన్నే ప్రసారానికీ పంపితే ఒక చిక్కు వస్తుంది. డ్రమ్స్ లాంటి వాద్యాలు హాలులో వాటంతట అవే పెద్దగా వినిపిస్తాయి కాబట్టి మిక్సరులో తగ్గించి పెడతారు. ఇంట్లో వినేవారికి అవి దాదాపు వినిపించనే వినిపించవు. అందుకే ప్రసారానికి వేరే మిశ్రమం కావాలి, ఆక్స్ దారి ఇచ్చేది అదే. దానితోపాటు సంఘం కూర్చున్న వైపు తిప్పిన ఒక మైకును చాలా తక్కువ స్థాయిలో కలపండి. సంఘమంతా కలిసి పాడుతున్నది, ఆమెన్ అన్నది వినిపించకపోతే, ఇంట్లో ఉన్న మనిషికి ఖాళీ గదిలో ఒక్కరే మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఆదివారానికి ముందే ఎవరికీ కనిపించకుండా ఒక ప్రయోగ ప్రసారం పెట్టి, ఒకరు వేరే గదిలోకి వెళ్లి మామూలు ఫోనులో, ఫోను స్పీకరులోనే వినాలి. ఖరీదైన హెడ్‌ఫోన్లలో విని బాగుందనుకుంటే మోసపోతాం, ఎందుకంటే మీ వాళ్లు వినేది ఫోనులోనే.

చిత్రానికి స్టాండు మీద కదలకుండా నిలబెట్టిన ఒక కెమెరా గాని మంచి ఫోను గాని చాలు. ఓబీఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ప్రసారానికి సరిపోతుంది. 720పీ అనే మధ్యస్థ చిత్ర నాణ్యతకు 3 నుంచి 4 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) అప్‌లోడ్ వేగం, అంటే మీ దగ్గరనుంచి బయటికి పంపే వేగం, పడుతుంది. దానికి రెట్టింపు ఉంటేనే మధ్యలో తెగిపోదని ధైర్యం. డౌన్‌లోడ్ వేగం చూసి సరిపోతుందనుకునేవారు చాలామంది, ఇక్కడ లెక్కకొచ్చేది అప్‌లోడే. వైఫై మీద ఆధారపడకుండా కంప్యూటరుకు తీగ కలపండి. హాలు నిండా జనం చేరి, అందరి ఫోన్లూ అదే వైఫైలో ఉన్నప్పుడు శనివారం బాగా నడిచిన ప్రసారం ఆదివారం నిలిచిపోతుంది. యూట్యూబులో మొదటిసారి ప్రత్యక్ష ప్రసారానికి అనుమతి తెరుచుకోవడానికి 24 గంటల వరకు పట్టవచ్చు కాబట్టి ఆ పని శనివారం రాత్రికి వదలకండి.

కెమెరా చూపు ఎంతవరకు అన్నది కూడా ముందే నిర్ణయించుకోండి. ప్రార్థనకు ముందుకు వచ్చి కన్నీళ్లు పెట్టుకునేవారిని చూపవద్దు. ఒకరు తమ ఇంటి సంగతులు సాక్ష్యంగా చెప్పే ముందు "ఇది ప్రసారమవుతోంది, ఉంచమంటారా ఆపమంటారా?" అని అడగండి. ఆ మాట అడగకుండా ప్రసారం చేసిన సాక్ష్యాలను తరువాత బతిమాలుకుని తీయించుకున్నవారిని నేను చూశాను. ప్రసారంలో కనిపించకుండా కూర్చోవడానికి కొన్ని వరుసలు కేటాయించి, అవి ఏవో ద్వారం దగ్గర రాసి పెడితే చాలామంది ఊపిరి పీల్చుకుంటారు.

పాటల హక్కుల గురించి కొద్దిగా. మందిరంలో పాడుకోవడం వేరు, దాన్ని ఇంటర్నెట్‌లో ప్రసారం చేయడం వేరు. అమెరికా కాపీరైట్ చట్టం ఆరాధనలో భాగంగా మందిరంలో పాడే మత సంబంధమైన పాటలకు మినహాయింపు ఇస్తుంది గాని, ఆ మినహాయింపు ప్రసారానికి వర్తించదు. చర్చిలకు పాటల హక్కులిచ్చే సీసీఎల్ఐ వంటి సంస్థలు ప్రసారానికి విడిగా లైసెన్సు ఇచ్చేది ఇందుకే. మీ దేశపు చట్టం ఏం చెబుతుందో తెలుసుకోండి. అన్నిటికంటే ముందు, ఇతరులు రికార్డు చేసిన ట్రాకులను ప్రసారంలో వాయించవద్దు, యూట్యూబు యంత్రం వాటిని గుర్తుపట్టి వీడియోను ఆపేయగలదు.

ఇప్పుడు ప్రకటనలు, గ్రూపులు. సంఘమంతటికీ ఒకే వాట్సాప్ గ్రూపు పెట్టి అందరూ రాయవచ్చంటే, మూడు నెలలు తిరగకుండానే అది శుభోదయం చిత్రాలతో, ఎక్కడెక్కడినుంచో వచ్చిన వీడియోలతో నిండిపోతుంది. ఆరాధన సమయం మారిందన్న ఒక్క ముఖ్యమైన మాట వాటి కింద పూడిపోతుంది. ప్రకటనల గ్రూపులో అడ్మిన్లు మాత్రమే రాసేలా అమర్చండి. వారానికి ఒకే సందేశం, ఒకే రోజు, ఒకే వేళకు పంపండి. అత్యవసరమైతే తప్ప రెండోది వద్దు. సమాచారాన్ని అక్షరాలలోనే రాయండి. రంగురంగుల పోస్టరు మీద చిన్న అక్షరాలు పెద్దవాళ్లకు కనబడవు. చూపు లేనివారి ఫోను సందేశాన్ని చదివి వినిపించగలదు గాని, బొమ్మలో ఇరికించిన అక్షరాలను నమ్మకంగా చదవలేదు. మొదటి వరుసలోనే ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ అన్నవి చెప్పి, ఎవరిని అడగాలో ఒక పేరుతో ముగించండి. ఇంకో జాగ్రత్త: గ్రూపులో చేరిన ప్రతి ఒక్కరి నంబరు మిగతా అందరికీ కనిపిస్తుంది. ముఖం కూడా తెలియని వారినుంచి ఫోన్లు వస్తున్నాయని కొందరు స్త్రీలు నాతో చెప్పాకే ఈ విషయం నా తలకెక్కింది. పెద్ద సంఘానికి ప్రకటనల వరకైతే వాట్సాప్ ఛానెల్ మేలు, అందులో అనుసరించేవారి నంబర్లు ఒకరివి ఒకరికి కనిపించవు.

ఫోను లేనివారు, ఉన్నా వాడలేనివారు ప్రతి సంఘంలోనూ ఉంటారు. ఆ వారపు సందేశాన్నే పెద్ద అక్షరాలతో కాగితం మీద ముద్రించి వారికివ్వండి, లేదా ఒకరు ఫోన్ చేసి చదివి వినిపించండి. ప్రకటనలన్నీ ఫోనులోకి మారిన తరువాత ఒక పెద్దాయన రెండు ఉపవాస కూడికలకు రాకపోతే అలిగారనుకున్నాం. ఆయనకు అసలు కబురే అందలేదు.

ప్రార్థన విన్నపాలను మరింత జాగ్రత్తగా చూడండి. సంఘాలు తెలియకుండానే ఎక్కువగా గాయపరిచే చోటు ఇదే. ఒక సోదరి తన వైద్య పరీక్ష ఫలితం గురించి ప్రార్థించమని కాపరికి చెప్పుకున్నారు. ఆయన మంచి మనసుతోనే ప్రార్థన బృందంలో ఒకరికి చెప్పారు. ఆ ఒకరు, అంతే మంచి మనసుతో, ఆమె పేరూ జబ్బు పేరూ కలిపి 280 మంది ఉన్న గ్రూపులో పెట్టారు. మధ్యాహ్నానికల్లా ఆమె పనిచేసే చోట పైఅధికారి ఆరా తీశారు. సాయంత్రం ఆమె తల్లి ఏడుస్తూ ఫోన్ చేసింది. తల్లికి ఎలా చెప్పాలా అని ఆమె అప్పటికి నాలుగు రోజులుగా మాటలు వెతుక్కుంటోంది. సందేశాన్ని తీసేశాం. కాని అందరి ఫోన్లలోంచి చెరిపినంత మాత్రాన చదివినవారి మనసుల్లోంచి, అప్పటికే ముందుకు పంపినవారి గ్రూపుల్లోంచి పోదు. ఆమె దాదాపు ఏడాది పాటు మందిరం గడప తొక్కలేదు.

అప్పటినుంచి విన్నపం తీసుకునే ప్రతి ఒక్కరూ ఒక ప్రశ్న అడగాలని నియమం పెట్టుకున్నాం: "ఇది కాపరికి మాత్రమేనా, ప్రార్థన బృందానికా, సంఘమంతటికీనా?" జవాబు స్పష్టంగా రాకపోతే కాపరికి మాత్రమే. సంఘమంతటికీ అన్నప్పుడు కూడా జబ్బు పేరు, ఆసుపత్రి పేరు, కుటుంబ గొడవ వివరం రాయకూడదు. ఒకరి తరఫున మరొకరు విన్నపం పంపితే, ఆ మనిషిని అడిగారా అని తెలుసుకున్నాకే చదవాలి. ఐరోపా సమాఖ్యలో 2018 నుంచి అమలులో ఉన్న జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఆరోగ్య సమాచారాన్నే కాక ఒకరి మత విశ్వాసాన్ని తెలిపే సమాచారాన్ని కూడా ప్రత్యేక రక్షణ అవసరమైనదిగా చూస్తుంది. మీ దేశంలో చట్టం ఎలా ఉన్నా, మీ సభ్యుల జాబితా మామూలు ఫోన్ల పట్టిక కాదని గుర్తుంచుకుంటే చాలు. అది ఎవరి కంప్యూటరులో ఉంది, ఎవరెవరు తెరవగలరు అని ఏడాదికోసారైనా పెద్దలు అడగాలి.

పిల్లలు, కౌమారుల విషయంలో సడలింపు వద్దు. పెద్దవారెవరూ, ఎంత నమ్మకస్థులైనా, పిల్లలతో విడిగా సందేశాలు నడపకూడదు. ప్రతి గ్రూపులో కనీసం ఇద్దరు పెద్దలు ఉండాలి, తల్లిదండ్రులకు ఆ గ్రూపు తెరిచి ఉండాలి. చదివాక మాయమైపోయే సందేశాల అమరిక అక్కడ ఉండకూడదు. తల్లిదండ్రుల రాతపూర్వక అంగీకారం లేకుండా పిల్లల ఫొటోలు పెట్టవద్దు, అంగీకరించినా ఫొటో కింద పేరు రాయవద్దు. "మన సంఘంలో అలాంటివారు ఎవరున్నారు" అని ఎవరైనా నొచ్చుకుంటే, ఈ నియమం పిల్లలతోపాటు మంచి ఉపదేశకుణ్ణి కూడా నిందనుంచి కాపాడుతుందని చెప్పండి.

కొత్తవారికోసం పెట్టే పేజీ గురించి పెద్దగా చెప్పనక్కరలేదు. ఆరాధన ఏ రోజు, ఎన్ని గంటలకు మొదలై సుమారు ఎప్పుడు ముగుస్తుంది, ఏ భాషలో, ఎక్కడ, పిల్లలకు ఏ ఏర్పాటు ఉంది, చక్రాల కుర్చీ లోపలికి వస్తుందా, ఎవరికి ఫోన్ చేయాలి. ఇవన్నీ ఒక పేజీలో ఇమిడిపోతాయి. గూగుల్ మ్యాప్స్‌లో మీ మందిరం గుర్తు సరైన ద్వారం మీద ఉందో లేదో మీరే నడిచి చూడండి, పండుగలప్పుడు సమయాలు మారితే అక్కడ కూడా మార్చండి. రెండేళ్ల కిందటి సభల ప్రకటన ముఖపేజీ మీద వేలాడుతుంటే, చూసినవారు ఈ సంఘం ఇంకా ఉందా అనుకుంటారు.

కానుకల విషయంలో జాగ్రత్తలు కొన్ని. ఖాతా సంఘం పేరనే ఉండాలి, ఏ ఒక్కరి సొంత ఖాతాకూ కానుకలు వెళ్లకూడదు, లెక్క చూసేవారు ఇద్దరు ఉండాలి. క్యూఆర్ కోడ్ గోడకు అంటిస్తే, దానిమీద ఇంకొకరి కోడ్ అంటించలేదని ప్రతి వారం ఒకరు స్కాన్ చేసి పేరు సరిచూడాలి. కాపరి పేరుతో, ఆయన ఫొటోతో కొత్త నంబరునుంచి "అత్యవసరంగా సహాయం కావాలి, ఇప్పుడు ఫోనులో మాట్లాడలేను" అని సభ్యులకు సందేశాలు పంపే మోసం చాలా దేశాలలో నడుస్తోంది. గిఫ్ట్ కార్డులు కొని పంపమని అడిగే ఇలాంటి మోసం గురించి అమెరికా ప్రభుత్వ వినియోగదారుల రక్షణ సంస్థ ఎఫ్‌టీసీ 2019లోనే హెచ్చరించింది. ఇప్పుడు గొంతును కూడా యంత్రంతో అనుకరించగలుగుతున్నారు. అందుకే మీ కాపరి వేదికమీదనుంచి, ఒకసారి కాదు, అప్పుడప్పుడూ చెబుతుండాలి: "నేను సందేశంలో గాని ఫోనులో గాని ఎవరినీ డబ్బు అడగను. అడిగినట్టు వస్తే అది నేను కాదు, నా పాత నంబరుకు పిలిచి చెప్పండి." సిగ్గుపడి చెప్పుకోని వృద్ధులే వీటిలో ఎక్కువ నష్టపోతారు కాబట్టి ఈ మాట వారి చెవిన పడాలి.

ఖాతాల యాజమాన్యం గురించి ఎవరూ అడగరు, అడిగేసరికి ఆలస్యమైపోతుంది. ఉత్సాహవంతుడైన ఒక యువకుడు తన సొంత ఈమెయిలుతో సంఘం ఛానెల్ తెరుస్తాడు. నాలుగేళ్లకు ఉద్యోగం వచ్చి దూరం వెళ్తాడు, ఫోన్ నంబరు మారుతుంది, పాస్‌వర్డు మరిచిపోతాడు. వందల ప్రసంగాలున్న ఛానెల్ కళ్ల ముందే ఉంటుంది, తాళం మాత్రం ఎవరిదగ్గరా ఉండదు. నాకు తెలిసిన ఒక సంఘం అలాగే పాతదాన్ని వదులుకుని సున్నానుంచి మొదలుపెట్టింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోకుండా, సంఘానికి ఒక ఈమెయిలు తెరిచి అన్ని ఖాతాలూ దానితోనే నమోదు చేయండి. ముగ్గురికి నిర్వాహక హక్కు ఇవ్వండి, పాస్‌వర్డుతోపాటు మరో కోడు కూడా అడిగే రెండంచెల ధ్రువీకరణ పెట్టండి, తిరిగి తెరిచే కోడ్లను కాగితం మీద రాసి సంఘం దస్త్రాలతోపాటు బీరువాలో దాచండి.

కృత్రిమ మేధ గురించి మీరు అడగలేదు గాని, మీ యౌవనస్థులు రేపో మాపో అడుగుతారు. ప్రసంగాన్ని అక్షరాల్లోకి మార్చడానికి, వినికిడి లోపమున్నవారికి ఉపశీర్షికలు వేయడానికి, ప్రకటన చిత్తుప్రతికి వాడుకోవచ్చు. అయితే లేఖన భాగాల సంఖ్యలను, మనుషుల పేర్లను ఒకరు తప్పకుండా సరిచూడాలి. ఎవరో కాపరితో చెప్పుకున్న బాధను అందులో టైపు చేయకూడదు. మరణం జరిగిన ఇంటికి పంపే ఆదరణ మాటను దానిచేత రాయించకూడదు. ఆ ఇంటివారికి కావలసింది తమ మనిషిని ఎరిగినవారు రాసిన రెండు వాక్యాలు, అవి తడబడుతూ ఉన్నా సరే.

కొలతల సంగతికి వస్తే, చూసినవారి సంఖ్యను సంఘంలో ప్రకటించవద్దని నా సలహా. ఫేస్‌బుక్‌లో కొద్ది క్షణాలు చూసినా ఒక వీక్షణ కిందే లెక్క, వేలు జరుపుతూ పోయినవారు కూడా అందులో ఉంటారు. ఏదైనా చూడాలనుకుంటే సగటున ఎంతసేపు చూశారన్నది చూడండి. ప్రసంగంలో ఏ చోట ఎక్కువమంది వెళ్లిపోయారో ఆ గణాంకాల్లోని గ్రాఫు చెబుతుంది. చాలాసార్లు అక్కడ ధ్వని చెడి ఉంటుంది. నేను పెద్దల సమావేశానికి నెలనెలా తీసుకెళ్లే కాగితంలో మూడే ఉంటాయి: ఎన్ని సందేశాలు వచ్చాయి, ఎన్నిటికి 24 గంటలలోపు జవాబిచ్చాం, ఇంటినుంచి చూసేవారిలో ఎంతమందిని ఆ నెలలో ఎవరైనా కలిశారు. మూడోదాన్ని చూశాకే ఒక సంఘంలో పెద్దల అభ్యంతరం తగ్గింది, ఎందుకంటే ప్రసారం మొదలయ్యాక ఇంటి దర్శనాలు తగ్గకపోగా పెరిగాయని వారికి అంకెల్లో కనబడింది.

చివరిగా, ఈ పనిచేసే పిల్లల గురించి ఒక మాట. కంప్యూటరు వెనుక కూర్చున్నవారికి ఆరాధన దక్కదు. కళ్లు మీటర్లమీద, చెవులు హెడ్‌ఫోన్లలో ఉంటాయి. రెండేళ్లు విరామం లేకుండా ప్రసారం నడిపిన ఒక కుర్రవాడు, ఆ కాలంలో విన్న ప్రసంగం ఒక్కటీ గుర్తులేదని నాతో అన్నప్పుడు, అతణ్ణి అలా వాడుకున్నందుకు నాకు చాలా బాధ కలిగింది. నెలకు రెండు ఆదివారాలు మించి ఎవరినీ అక్కడ కూర్చోబెట్టకండి. మనుషులు చాలకపోతే ఆ వారం ధ్వనిని మాత్రమే రికార్డు చేసి సాయంత్రం పంపండి, ఏ నష్టమూ లేదు.

కాబట్టి ఈ ఆదివారం ఏమీ కొనవద్దు. యౌవనస్థులు ఇద్దరిని, పెద్దలు ఇద్దరిని కలిపి కూర్చోబెట్టి, మందిరానికి రాలేకపోతున్నవారి పేర్లు రాయమనండి. తరువాతి వారం ఆ నలుగురూ జతలుగా వెళ్లి ఒక్కొక్కరినీ అడగాలి: మీకు ఏది ఉపయోగపడుతుంది, ఫోను పలకరింపా, ముద్రించిన కాగితమా, వినడానికి ప్రసంగమా, చూడటానికి ప్రసారమా? ఇంట్లో ఏ ఫోను ఉంది, దాన్ని తెరిచిపెట్టేది ఎవరు అన్నది కూడా రాసుకోమనండి. ఆ జాబితాతోపాటు మీ మిక్సరు పేరు, మందిరంలో అప్‌లోడ్ వేగం ఎంతో రాస్తే, నిధిని దేనిమీద ఎంత పెట్టాలో, ఏ కేబులు కావాలో నేను వివరంగా చెప్పగలను.